బల్లి మాస్టారు ముందు కదలరు

మా పిడుగు గోల్‌కీపర్ అవుతానని ప్రకటించినప్పుడు నేను మొట్టమొదట చూసింది దాని పళ్ళ వైపు. పాలపళ్ళు ఊడిపోయి, ముందువి రెండూ అప్పుడప్పుడే చిగుళ్ళు చీల్చుకుని బయటికి వస్తున్నాయి. అంత కష్టపడి వస్తున్న పళ్ళని తీసుకెళ్ళి బంతికి ఎదురుగా నిలబెట్టడానికి ఏ తల్లికి చేతులొస్తాయి?

"అందరూ బంతిని తంతారు కదే, నువ్వూ హాయిగా తన్నొచ్చుగా?" అన్నాను.

"తన్నేవాళ్ళు బోలెడుమంది ఉన్నారమ్మా. పట్టేది ఒక్కరే. ఆ ఒక్కరూ నేనే," అంది.

నేను చదివింది భౌతికశాస్త్రం. ఉద్యోగం కొలత పరికరాలను సరిచూసే ల్యాబ్‌లో. బంతి బరువుని దాని వేగంతో గుణిస్తే వచ్చేది నలుగురికీ ఒక అంకె; నాకు మాత్రం అది మా పిల్ల ముక్కు. అందుకని మొదటిరోజు మైదానానికి బయల్దేరేటప్పుడు పంటి తొడుగు, మోకాలి తొడుగులు, సైకిల్ హెల్మెట్, దూది, పట్టీలు, మంచుముక్కలు నింపిన ఫ్లాస్కు, అన్నీ ఒక సంచిలో కుక్కాను. మా అత్తగారు ఆ సంచీ చూసి, "పిల్లని ఆటకి తీసుకెళ్తున్నావా, యుద్ధానికా?" అన్నారు.

బస్సుల గ్యారేజీ వెనకుంది ఆ మైదానం. వెళ్ళేసరికి గ్లౌజులు తొడుక్కున్న ఆడపిల్లలు కనబడ్డారు గాని మాస్టారు కనబడలేదు. "మాస్టారెక్కడమ్మా?" అంటే ఒక పిల్ల వేలు పైకి చూపించింది. గోల్‌పోస్టు అడ్డకమ్మీని కాళ్ళతోనూ ఒక చేత్తోనూ కరుచుకుని, తలకిందులుగా వేలాడుతూ, నలభై అయిదేళ్ళ మనిషి ఒకాయన చిరిగిన వలని కుడుతున్నాడు. ఆయన్ని బల్లి మాస్టారని ఎందుకంటారో ఇక ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

"ఏమ్మా, ఆ దారపుండ కాస్త ఇలా పడేయండి," అన్నారు పైనుంచి.

నేను దారపుండ తీసుకుని దగ్గరికెళ్ళి అందించబోయాను.

"అందివ్వకండి! విసరండి. ఇక్కడ ఎవరికీ ఏదీ చేతికివ్వం. చేతికిస్తే చెయ్యి బద్ధకిస్తుంది."

విసిరాను. అది ఆయన వైపే బయల్దేరి, సగం దూరం వెళ్ళాక ఏదో మర్చిపోయినట్టు పక్కకి తిరిగింది. ఆయన మోకాళ్ళ మీద ఊగి, గాల్లో అర్ధచక్రం కొట్టి దాన్ని అందుకున్నారు. అందుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని నా వంక చూశారు.

"ఎటు విసురుదామనుకున్నారు?"

"మీ వైపే మాస్టారూ."

"అద్భుతం! ఎటొస్తుందో విసిరిన మీకే తెలీదు, ఇక పట్టేవాళ్ళకేం తెలుస్తుంది? నాకు కావల్సింది మీలాంటివాళ్ళేనమ్మా. తిన్నగా విసిరేవాళ్ళతో ఏళ్ళ తరబడి విసిగిపోయాను. రోజూ రండి."

తర్వాత కిందికి దిగి నా సంచీ అంతా తిరగేశారు. పంటి తొడుగు పిల్లకిచ్చి, హెల్మెట్ నా నెత్తిన పెట్టారు. "విసిరిన బంతి గోడకి కొట్టుకుని మీ మీదకే వస్తుంది. ప్రమాదం మీకేనమ్మా, దానికి కాదు."

అలా, పిల్లని కాపాడుకుందామని వెళ్ళినదాన్ని, హెల్మెట్ పెట్టుకుని పిల్ల మీదకే బంతులు విసిరే పనిలో చేరాను.

మాస్టారికి అసలు బతుకుతెరువు పళ్ళ మార్కెట్టు. పొద్దున్నే పుచ్చకాయల లారీలు వస్తే దించే జట్టుకి ఆయన పెద్ద. వాళ్ళ నాన్నదీ అదే పని. నడక వచ్చిన కొత్తలోనే ఆ తండ్రి కొడుకుని లారీ పక్కన నిలబెట్టి బత్తాయిలు విసిరేవాడట. కాస్త పొడుగయ్యాక కర్బూజాలు. మీసాలొచ్చాక పుచ్చకాయలు.

"పుచ్చకాయని పట్టుకోకూడదమ్మా," అనేవారు పిల్లలకి రెండు చేతులూ చాచి చూపిస్తూ. "పట్టుకుంటే పగుల్తుంది. ఎదురెళ్ళి, పలకరించి, వెంటబెట్టుకుని ఇంటికి తీసుకురావాలి. చుట్టం వస్తే బస్టాండుకెళ్ళి తీసుకురామూ? అలాగన్నమాట."

దీన్నే నేను వేరే మాటల్లో చెప్పాను: వచ్చేది ఆగడానికి ఎంత ఎక్కువ సమయం ఇస్తే దెబ్బ బలం అంత తగ్గుతుందని.

"అంటే మా నాన్న చెప్పింది సైన్సే అంటారు."

"సైన్సే మాస్టారూ."

"అయ్యో, ఆయన ఉండగా మీరు వచ్చుంటే ఎంత బావుండేదమ్మా! మార్కెట్టంతా డప్పు కొట్టుకునేవాడు."

కుర్రతనంలో మార్కెట్టు జట్టుకి ఆడి, తర్వాత ఒక క్లబ్బుకి ఆడి, భుజం జారిపోవడంతో ఆట మానేసి, ఆడపిల్లలకి గోల్‌కీపింగ్ నేర్పించడంలో పడ్డారు. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "బంతి రానీ, చూద్దాం," అనేవారు.

ఆయన పాఠం దూరంనుంచి చూసేవాళ్ళకి సర్కస్ లాగా ఉండేది. పాత దుప్పటి ఒకటి రెండు కర్రలకి కట్టి దాని వెనక నన్ను నిలబెట్టేవారు. నేను దుప్పటి పైనుంచో, కిందనుంచో, చిరుగులోంచో బంతి విసరాలి. అవతల పిల్ల అది కనబడ్డ క్షణంలోనే అందుకోవాలి. రెండు చేతుల్లో రెండు రంగుల టెన్నిస్ బంతులు పట్టుకుని "పచ్చ!" అని అరిచి రెండిటినీ ఒకేసారి వదిలేసేవారు, పచ్చది నేలకి తగలకముందే పట్టాలి, పొరపాటున ఎర్రది పట్టిన పిల్ల కోడిలా కూస్తూ మైదానం చుట్టి రావాలి. నీళ్ళు నింపిన బుడగలు విసిరేవారు. చేతులు మెత్తగా లేని పిల్లకి అక్కడికక్కడే స్నానం. ఇవన్నీ ఒక ఎత్తు, 'మేనత్త' ఒక ఎత్తు. అది రబ్బరు బంతికి బొడిపెలు అతికించి ఆయన సొంతంగా తయారుచేసిన వస్తువు. నేల మీద పడ్డాక ఎటు ఎగురుతుందో నా చదువుకి కూడా అందలేదు.

"దీనికి మేనత్త అని ఎందుకు పెట్టారు మాస్టారూ పేరు?"

"ఎప్పుడు ఎటు తిరుగుతుందో చెప్పలేం కదమ్మా," అన్నారు. అని, నా మొహం చూసి నాలిక్కరుచుకున్నారు. "మీకు మేనల్లుళ్ళున్నారా?"

"ముగ్గురు."

"అయితే మీ మంచితనం చూసి మేనకోడలు అని మార్చేద్దాం."

ఈ పిచ్చి మా ఇంట్లోకి కూడా వచ్చింది. పిడుగు ఏదీ చేత్తో తీసుకోవడం మానేసింది. పెన్సిలైనా సబ్బైనా విసరాల్సిందే. మా అత్తగారు మొదట్లో తిట్టారు. తర్వాత ఉతికిన మేజోళ్ళని ఉండలు చుట్టి మంచం మీద కూర్చునే విసరడం మొదలుపెట్టారు. ఆవిడలో ఇరవై ఏళ్ళుగా ఏ పనిలోనూ అంత ఉత్సాహం చూడలేదని మా ఆయన అన్నారు. అన్న మర్నాడే ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీయగానే "నల్లది!" అని ఒక కేక, ముక్కు మీద ఒక మేజోడు.

"మీ ఆయనకి రిఫ్లెక్సులు బొత్తిగా లేవే," అన్నారు అత్తగారు నాతో, కన్నకొడుకు గురించి.

నా వంతుగా నేను మైదానంలో స్కేలు పరీక్ష పెట్టాను. పిల్ల బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య స్కేలు నిలువుగా ఉంచి, చెప్పకుండా వదిలేస్తాను. ఎంత జారాక పట్టుకుందో చూస్తే, కన్ను చూశాక చెయ్యి కదలడానికి ఎంతసేపు పట్టిందో తెలుస్తుంది. మాస్టారికి ఇది ఎంత నచ్చిందంటే స్కేలు చొక్కా జేబులో పెట్టుకుని కనబడ్డవాళ్ళందరికీ పరీక్ష పెట్టేవారు. గ్యారేజీలో బస్సు డ్రైవర్లు ఆయన్ని చూసి ఇంజన్ల కింద దూరేవారు.

"కంటికి కనబడ్డాక చెయ్యి కదలడానికి సెకనులో అయిదో వంతు దాకా పడుతుంది మాస్టారూ. అది పెద్దగా తగ్గదు," అని చెప్పాను ఒకరోజు.

ఆయన మొహం వాడిపోయింది. "తగ్గదా? మరి ఇంతకాలం నేను తగలేస్తున్నదేంటి?"

"మీరు తగ్గిస్తున్నది అది కాదు. కన్ను ఎక్కడ పెట్టాలో నేర్పుతున్నారు. తన్నేవాళ్ళ తుంటీ, నేల మీద ఆనించిన కాలూ చూస్తే బంతి బయల్దేరకముందే సగం కబురు అందుతుంది. చేతులు కూడా ముందే సిద్ధంగా ఉంటాయి."

"హమ్మయ్య! చంపేశారు కదమ్మా. అదేగా నేను రోజూ గొంతు చించుకునేది!"

నిజమే, ఆయన గొంతు చించుకునేది దానికోసమే. కాలు చూడు. ఆనించిన కాలు చూడు. ముందు కదలొద్దు. ఆయన చదువంతా ఆ ఆఖరి మాటలోనే ఉంది. "తన్నేవాళ్ళు తన్నాలి. అప్పుడు మనం. ముందు కదిలామా, మనం ఎటు వెళ్తున్నామో వాళ్ళకి చెప్పేసినట్టే." మా పిడుగు ఎదురుగా ఎవరు ఎంత ఎగిరినా, కాలు ఎంత ఊపి బెదిరించినా, రెండు కాళ్ళ మీదా సమంగా బరువేసి, చేతులు చాచి, రెప్ప వెయ్యకుండా నిలబడేది. నేను మాత్రం కళ్ళు మూసుకునేదాన్ని. తెరిచేసరికి బంతి దాని గుండెల దగ్గర ఉండేది, పళ్ళు నోట్లోనే ఉండేవి. నెమ్మదిగా నేను కూడా కళ్ళు తెరిచి చూడటం నేర్చుకున్నాను.

ఇక అద్దాల మేడమ్ గురించి చెప్పాలి.

గ్యారేజీకి ఎదురుగా కళ్ళజోళ్ళ షాపు ఆవిడది. నలభై దాటిన మనిషి. మెడలో గొలుసుకి ఒక కళ్ళజోడు వేలాడుతూ, ఇంకొకటి నెత్తిమీద పెట్టుకుని, మూడోది ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటూ ఉండేది. కీపర్లందరికీ కళ్ళ పరీక్ష చేసేది ఆవిడే. కొన్నేళ్ళ కిందట మాస్టారు మొదటిసారి ఆ షాపుకి వెళ్ళి, కింది సగం నల్లగా మూసేసిన కళ్ళజోళ్ళు కావాలని అడిగారట. బంతి దగ్గరికొచ్చేసరికి చూపుకి అందకూడదు, చేతులు వాటంతటవే దాన్ని వెతుక్కుంటూ వెళ్ళాలి, అదీ ఆయన ఆలోచన.

"నా షాపుకి అందరూ బాగా కనబడాలని వస్తారండీ. కనబడకూడదని వచ్చింది మీరొక్కరే," అందట ఆవిడ. అని, నవ్వుకుంటూ చేసిచ్చింది.

ఆ కళ్ళజోళ్ళ మరలు ఊరికే వదులైపోయేవి. బిగించుకు రావడానికి మాస్టారే వెళ్ళేవారు. బంతి తగిలినవి వదులయ్యాయంటే అర్థం ఉంది. డబ్బాలోంచి బయటికి తీయనివి కూడా వదులయ్యేవి. కొలతలు సరిచూసే మనిషిని, నాకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? ఒకరోజు మాస్టారు గోల్‌పోస్టు వెనక కూర్చుని, చిన్న స్క్రూడ్రైవరుతో మరలు వెనక్కి తిప్పుతూ దొరికిపోయారు.

"ఏం చేస్తున్నారు మాస్టారూ?"

"మరీ బిగుతుగా ఉంటే పిల్లల చెవులు నొప్పి పెడతాయి కదమ్మా," అన్నారు. ఎర్రబడింది మాత్రం ఆయన చెవులు.

అదే వారం నా కళ్ళజోడు పని మీద షాపుకి వెళ్ళాను. మేడమ్ ఆ నల్ల కళ్ళజోళ్ళకి మరలు బిగిస్తోంది. ఆఖరి చుట్టు దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"ఇంకొక్క చుట్టు పడుతుందండీ," అన్నాను నేను.

"చాల్లే అమ్మాయ్. మొత్తం బిగించేస్తే మళ్ళీ ఎవరొస్తారు?" అంది తలెత్తకుండానే.

సంగతి కీపర్ పిల్లలకి తెలుసు. బస్సు డ్రైవర్లకి తెలుసు. మంచం దిగని మా అత్తగారికి కూడా తెలుసు. తెలియనిది ఆ ఇద్దరికే.

ఇంతలో ఒక సాయంత్రం ఆ షాపు తలుపు మీద 'అద్దెకు ఇవ్వబడును' అని కాగితం అంటించి ఉంది. మేడమ్‌కి ఒక అక్క ఉంది, వేరే ఊళ్ళో. అక్కడ బస్టాండు పక్కనే పెద్ద షాపు చూసిందట. ఒక్కదానివీ అక్కడెందుకు, వచ్చి నాతో ఉండు అందట. మేడమ్ సరేనంది. నెలాఖరుకి ప్రయాణం.

ఆ రోజు మేనకోడలు బంతి నేల మీంచి లేచి మాస్టారి నుదుటికి ఠపీమని తగిలింది. ఆయన చెయ్యి కూడా ఎత్తలేదు. ఆయన ఒక బంతిని వదిలేయడం పిల్లలు చూడటం అదే మొదలు. అందరూ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు.

"వెళ్ళి అడగండి మాస్టారూ," అన్నాను పక్కకి తీసుకెళ్ళి.

"ఏమని?"

"వెళ్ళొద్దని."

"ఆవిడకి ఉండాలని ఉందో లేదో తెలీకుండా ఎలా అడుగుతానమ్మా? ముందు ఆవిడ కాలు ఎటు కదులుతుందో తెలియాలి కదా. నేను ఒక పక్కకి దూకేశాక బంతి రెండో పక్కకి పోయిందనుకోండి..." నుదురు తడుముకున్నారు. "కుర్రాణ్ణయితే లేచి దులుపుకునేవాణ్ణి. ఈ వయసులో ఒకసారి పడితే మళ్ళీ లేస్తానని నమ్మకం లేదమ్మా."

సరే, రెండో వైపు నుంచి ప్రయత్నిద్దామని మేడమ్ దగ్గరికి వెళ్ళాను.

"మీకు ఉండిపోవాలని లేదా?"

"నా పని అడగడం వరకే అమ్మాయ్. ఇది బాగుందా, అది బాగుందా అని అద్దాలు మార్చి మార్చి చూపిస్తాను. ఏది బాగుందో చెప్పాల్సింది కుర్చీలో కూర్చున్నవాళ్ళు. వాళ్ళ బదులు నేను చెప్పేస్తే తప్పు అద్దం పడుతుంది. జన్మంతా తలనొప్పి."

నాకు మాత్రం అప్పుడే మొదలైంది తలనొప్పి. ఈయన ఎదుటివాళ్ళు తన్నేదాకా కదలరు. ఆవిడ ఎదుటివాళ్ళు చెప్పేదాకా అద్దం బిగించదు. ఇద్దరూ తమ తమ విద్యల్లో ఉద్దండులు. ఇలాగే నిలబడితే నెలాఖరు ఏంటి, ప్రళయం వచ్చినా కదలరు.

కనీసం ఒక గదిలో కూర్చోబెడదామని, నుదుటికి దెబ్బ తగిలింది కాబట్టి కళ్ళు పరీక్ష చేయించుకోవాల్సిందేనని మాస్టారిని భయపెట్టి లాక్కెళ్ళాను. పిడుగు కూడా వెంట వచ్చింది. మేడమ్ దీపం ఆర్పేసి, ఆయన ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చసాగింది.

"ఇది బాగుందా... అది బాగుందా?"

"రెండూ బాగున్నాయండీ."

"రెండూ బాగుండకూడదు. ఏదో ఒకటి చెప్పాలి."

"మీరేదంటే అదేనండీ."

"నేననకూడదండీ. మీరనాలి."

"మీరు ముందనండి, తర్వాత నేనంటాను."

పిడుగు నా చెయ్యి గిల్లింది. "అమ్మా, వీళ్ళు కళ్ళ గురించేనా మాట్లాడుతోంది?"

"ష్!"

మేడమ్ దీపం వేసింది. "మీ చూపుకేం లోటు లేదు. ఇంత మంచి చూపు పెట్టుకుని కూడా..." అని, మిగతా మాట మింగేసి, ఇనుప ఫ్రేము తుడవడంలో పడింది. మాస్టారు లేచి "థాంక్సండీ" అన్నారు. అని బయటికొచ్చేశారు! ఆ గోడకేసి నా తల బాదుకోవాలో ఆయన తల బాదాలో తెలియలేదు.

రోడ్డు మీద ఆయన వెంట పరుగెత్తాను. "మాస్టారూ, పెనాల్టీ అప్పుడు ఏం చెయ్యమంటారు పిల్లలకి?"

"పెనాల్టీ వేరమ్మా. అంత దగ్గర్నుంచి తంతే, చూశాక దూకితే అందదు. కాలు పడేలోపే ఏదో ఒక పక్కకి నిర్ణయించుకుని దూకెయ్యాలి. అందుకే అదంటే నాకు చిరాకు. అది ఆటా? గుడ్డి జూదం."

"ఇది పెనాల్టీయే మాస్టారూ."

ఆయన నడిరోడ్డు మీద ఆగిపోయారు. వెనక బస్సు హారను మోగించింది, డ్రైవరు తల బయటపెట్టి స్కేలు ఉందేమోనని చూసి మళ్ళీ లోపలికి లాక్కున్నాడు.

సామాను ఎత్తే ఆదివారం వచ్చింది. షాపు ముందు లారీ ఆగింది. అక్కగారు ముందురోజే వచ్చి, లారీ కేబిన్లో డ్రైవరు పక్క సీటు ఆక్రమించి, ఒళ్ళో సంచీ పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది. ఎత్తే మనుషులు ఎవరయ్యా అంటే, మార్కెట్టు జట్టు. తీసుకొచ్చింది మాస్టారే!

"మీరే దగ్గరుండి సాగనంపుతున్నారా?" నాకు ఒళ్ళు మండింది.

"అద్దాలమ్మా అవి. వేరేవాళ్ళు ఎత్తితే పగులుతాయి. పగిలితే ఆవిడ బాధపడుతుంది," అన్నారు, నా వంక చూడకుండా లారీ ఎక్కేస్తూ.

షాపు గుమ్మం నుంచి లారీ దాకా వరస కట్టాం. గుమ్మంలో మేడమ్. ఆవిడ పక్కన పిడుగు, దాని పక్కన నేను, ఆ తర్వాత కీపర్ పిల్లలూ మార్కెట్టు మనుషులూ, చివర లారీ మీద మాస్టారు.

"జాగ్రత్తగా అందించండి," అంది మేడమ్.

"అందించడమేంటండీ? విసురుతాం," అన్నాడు మార్కెట్టు మనిషి ఒకడు.

"అయ్యో, అద్దాలయ్యా!"

"అట్టపెట్టెలో ఉన్న అద్దం పగులుతుందాండీ? పుచ్చకాయకి అట్టపెట్టె కూడా ఉండదు!"

మొదటి పెట్టె గాల్లోకి లేచినప్పుడు ఆవిడ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. అది ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి దూకుతూ పోయి, మాస్టారి చేతుల్లో పిల్లిలా చప్పుడు లేకుండా వాలింది. రెండోదానికి ఆవిడ చెవుల మీంచి చేతులు తీసింది. కాసేపటికి తనే గురి చూసి విసరసాగింది. ఫ్రేముల పెట్టెలు, గుడ్డల కట్టలు, అక్షరాల బోర్డు, స్టూలు, గోడగడియారం, అన్నీ ఎగురుకుంటూ పోతున్నాయి. నిలువుటద్దాన్ని మాత్రం ఇద్దరు మోసుకెళ్ళారు, తక్కినవాళ్ళు వాళ్ళని పిరికివాళ్ళని గేలి చేశారు. నేను విసిరినవన్నీ అడ్డదిడ్డంగా పోయేవి, నా అవతలి పిల్ల పక్కకి దూకి పట్టుకుని, "ఆంటీ విసిరింది నాకొదిలెయ్యండి, మీ వల్ల కాదు!" అని మార్కెట్టువాళ్ళని బెదిరించేది. దారినపోయేవాళ్ళు ఆగి చప్పట్లు కొట్టారు. దేనికి నవ్వుతున్నామో తెలియకుండా అందరం నవ్వుతున్నాం. మధ్యలో ఆవిడ వెళ్ళిపోతోందని గుర్తొచ్చి నా నవ్వు ఆగిపోయేది.

పుచ్చకాయల వరసకి ఒక కట్టుబాటు ఉంది. మొట్టమొదట నిలబడ్డ మనిషి "ఖాళీ!" అని కేక వెయ్యాలి. ఆ కేక వినబడేదాకా వరసలో ఎవరూ చేతులు దించకూడదు, ఎప్పుడు ఏ కాయ వచ్చి మీద పడుతుందో తెలియదు కాబట్టి. ఆ రోజు కేక వెయ్యాల్సింది మేడమ్. జట్టువాళ్ళు ఆవిడకి పొద్దున్నే చెప్పారు.

ఇంకో పెట్టె వచ్చింది. ఆ తర్వాత చీపురు వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

మేం చేతులు చాచి నిలబడ్డాం. షాపు లోపల అరలన్నీ బోసిగా ఉన్నాయి. మేడమ్ గుమ్మంలో నిలబడి ఉంది. కేక వెయ్యలేదు.

"ఖాళీయేనా మేడమ్ గారూ?" అడిగాడు మార్కెట్టు మనిషి.

ఆవిడ లోపలికి తిరిగి చూసింది. "ఏమో. ఇంకా ఏదో ఉన్నట్టుంది," అంది.

"ఏముంది?"

"అదే, గుర్తు రావట్లేదు."

నిలబడ్డాం. చేతులు లాగుతున్నాయి. రోడ్డు మీద పోతున్న సైకిలాయన ఒకాయన ఆగి, ఎందుకో ఏంటో తెలియకపోయినా, ఉండబట్టలేక తనూ చేతులు చాచాడు.

"ఏమే, అయిందా?" కేబిన్లోంచి అక్కగారి కేక.

"చూస్తున్నానక్కా!"

చూస్తున్న మాట నిజమే. కాకపోతే షాపు వైపు కాదు, లారీ వైపు. లారీ మీద మాస్టారు చేతులు చాచి, రెండు కాళ్ళ మీదా సమంగా బరువేసి, రెప్ప వెయ్యకుండా ఆవిడనే చూస్తున్నారు. ఎన్నో సాయంత్రాలు ఆయన గోల్లో అలా నిలబడటం చూశాను కాబట్టి, నా కళ్ళు వాటంతటవే ఆయన పాదాల మీదకి పోయాయి. ఎడమ మడమ నెమ్మదిగా పైకి లేస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ విసరలేదు. ఆయన కదిలారు!

కాళ్ళ దగ్గరున్న పెట్టె ఎత్తి, వరసలోకి, వెనక్కి విసిరేశారు.

"ఇదేంటన్నా?" అన్నాడు పట్టినవాడు, పట్టుకునే.

"దించండి!" అని అరిచారు మాస్టారు. గొంతు రెండుగా చీలిపోయింది. "అన్నీ దించెయ్యండి! మేడమ్ గారూ, మీరు వెళ్ళొద్దు! నాతో ఉండిపోండి! మీకిష్టమైతేనే! ఇష్టం లేదంటే... ఇష్టం లేదంటే మళ్ళీ నేనే ఎక్కిస్తాను, ఒక్క అద్దం పగలకుండా ఎక్కిస్తాను!"

పెట్టె మాత్రం ఆగలేదు. అలవాటుపడ్డ చేతులు కదా, ఆలోచించకుండానే ఒకరి నుంచి ఒకరికి పోతోంది. నా దాకా వచ్చింది. నా జన్మలో మొదటిసారి తిన్నగా విసరాలనుకున్నాను. అది పిడుగు తల మీంచి పోయింది. పిడుగు ఎగిరి దాన్ని వేళ్ళ చివర్లతో అందుకుని, కింద పడుతూనే మేడమ్ వైపు తోసేసింది.

మేడమ్ ఆ పొద్దుటి నుంచీ విసరడమేగాని పట్టింది లేదు. నెత్తిమీది కళ్ళజోడు జారి ముక్కు మీద వంకరగా పడింది. ఆవిడ రెండడుగులు ముందుకొచ్చి పెట్టెని రెండు చేతులతో గుండెలకి హత్తుకుంది. అలాగే పట్టుకుని నిలబడింది.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ మీరు?" అంది లారీ వైపు చూసి, కోపంగా.

"మీరేమైనా అంటారేమోనని చూస్తున్నానండీ!"

"నేనూ అందుకే చూస్తున్నాను! అదేదో సామాను సర్దకముందే అనొచ్చుగా? నా నడుం విరిగిపోయింది!"

"మరి... దించమంటారా?"

"ఇంకా అడుగుతారేంటి? విసరండి!"

ఆ తర్వాత జరిగిందాన్ని నేను వరసక్రమంలో చెప్పలేను. వచ్చినవన్నీ రెట్టింపు వేగంతో వెనక్కి పోతున్నాయి. అక్షరాల బోర్డు నా నడుముకి తగిలింది. స్టూలుని ఎవరు పట్టారో తెలియదు. సైకిలాయన సైకిల్‌కి స్టాండు వేసి వచ్చి వరసలో చేరిపోయాడు. మేడమ్ అందుకున్న ప్రతి పెట్టెకీ "అది మూడో అరలోది! ముందది పంపకండి!" అని అరుస్తోంది, మాస్టారు "ఏది మూడో అరలోది? అన్నీ ఒకేలా ఉన్నాయి!" అని తిరిగి అరుస్తున్నారు, పెళ్ళయి పాతికేళ్ళయినవాళ్ళలాగా.

లారీ ఊగుతోందని అక్కగారు కేబిన్ దిగి వచ్చింది.

"ఏమే, ఎక్కించిన సామాను దింపుతున్నారేంటి?"

"తర్వాత చెప్తానక్కా!"

"ఎవరే ఆ లారీ మీద గెంతుతున్నాయన?"

"నీ మరిది!"

"నాకు మరిదా? ఎప్పట్నుంచి?"

"ఇప్పట్నుంచే! అక్కడ నిలబడకు, వరసకి అడ్డం!"

అక్కగారు చెల్లెల్నీ, లారీ మీది మనిషినీ, గాల్లో పోతున్న గోడగడియారాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత చేతిలో సంచీ సైకిల్‌కి తగిలించి, చేతి గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని, నా పక్కన జాగా చేసుకుని నిలబడింది.

"నెమ్మదిగా విసరమని చెప్పవే ఆయనతో. నాకు మోకాళ్ళ నొప్పులు," అంది చెల్లెలితో.

మాస్టారు అప్పటికే విసిరేశారు.